“స్లీప్ డిస్టర్బ్ అవుతోంది” – ఇది ఏ జబ్బు పేరు?

“సార్, నాన్నగారికి స్లీప్ డిస్టర్బ్ అవుతోంది. నైట్ సరిగా పడుకోవడం లేదు. ఎర్లీ మార్నింగే లేచిపోతున్నారు. డే అంతా డల్‌గా ఉంటున్నారు.”

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసినవాడిని. ఉద్యోగ జీవితపు చివరి పది పదిహేనేళ్ళలో ఈ నాలుగు వాక్యాలు ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను. మాట కటువుగా తోచినా చెప్పక తప్పదు: వీటిలో ఒక్క వాక్యం కూడా వైద్యునికి ఉపయోగపడదు.

ఈ మాటలు చెప్పేది సాధారణంగా చదువుకున్న కుమారుడు, లేదా కోడలు. డాక్టరు దగ్గర మర్యాదగా మాట్లాడాలనే ఉద్దేశంతోనే వారు ఇంగ్లీషు పదాలు వాడతారు. జబ్బుపడిన పెద్దాయన మాత్రం పక్కనే బల్లమీద మౌనంగా కూర్చుని ఉంటాడు. ఆయన వైపు తిరిగి “ఏమయ్యా, రాత్రిపూట ఎట్లా ఉంటున్నది?” అని అడిగితే, “పడుకోగానే పడుతుందయ్యా. రెండో జాములో ఊపిరాడక లేచి కూర్చుంటాను. వాకిట్లో కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ అంతే” అంటాడు. ఈ మాటలు విన్న వైద్యుడు ఇ.సి.జి. తీయించకముందే సగం నిర్ణయానికి వస్తాడు. గుండె బలహీనపడి, పడుకున్నప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదన్న అనుమానం ఆ మాటలలోనే ఉన్నది. అదే మనిషి గురించి “స్లీప్ డిస్టర్బ్” అని మాత్రమే విన్న వైద్యుడు, బయట యాభై మంది రోగులు ఎదురుచూస్తూ ఉంటే, ఒక నిద్రమాత్ర వ్రాసి పంపివేస్తాడు.

ఆ బల్లమీదే మరొకాయన కూర్చుని ఉంటే సమాధానం వేరు. “పడుతుంది కానీ గంటకోసారి ఒంటికి లేవాలి” అంటే చక్కెర వ్యాధినో, వయసు మీరినవారైతే ప్రోస్టేటు గ్రంథినో చూడాలి. “నాకేమీ బాధ లేదండీ, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు వస్తున్నాయి” అని భర్త అంటూ ఉండగా, “గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది, తరువాత ఉలిక్కిపడి లేస్తారు” అని భార్య అందిస్తే, అది నిద్రలో శ్వాసమార్గం మూసుకుపోయే వ్యాధి. ఈ చివరి రోగికి నిద్రమాత్ర ఇవ్వడం అపకారం. గొంతు కండరాలు ఇంకా సడలి ఊపిరి మరింతసేపు ఆగుతుంది. మూడు వేరువేరు జబ్బులు, మూడు వేరువేరు చికిత్సలు. మూడింటికీ ఇప్పుడు మన ఇళ్ళలో ఒకటే పేరు.

బస్సు, ఇంజెక్షను, బీపీ, ఆపరేషను – వీటి విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. కొత్త వస్తువుతోపాటు కొత్త మాట వచ్చింది, ఉండనివ్వండి. నా ఫిర్యాదు వేరు. నిద్ర మనకు కొత్తగా వచ్చిన వస్తువు కాదు. ఆ ఒక్క విషయానికే తెలుగు పల్లెలో ఎన్ని మాటలున్నాయో చూడండి. రెప్ప వాలడం, కన్ను మూతపడడం, కునుకు, కోడికునుకు, తూగు, జోగు, కునికిపాటు, కలతనిద్ర, పట్టీపట్టని నిద్ర, గాఢనిద్ర, మొద్దునిద్ర, ఒళ్ళు తెలియని నిద్ర, నిద్రమత్తు, మగత, పలవరింత, ఉలికిపాటు, మెలకువ. ఇవి అలంకారాలు కావు. ప్రతి మాటా శరీరపు ఒక స్థితిని మరొక స్థితి నుంచి వేరుచేసి చూపుతుంది. మా కాలంలో అక్షరం ముక్క రాని వృద్ధురాలు కూడా కునుకుకూ మగతకూ తేడా చెప్పేది. ఆమె మనుమడు డిగ్రీ చదివి రెంటినీ “స్లీపీ” అంటున్నాడు.

కొందరు మిత్రులు అడుగుతారు: ఇంగ్లీషు కూడా గొప్ప భాషే కదా, అందులోనే చెబితే నష్టమేమిటి? ఇంగ్లీషు గొప్ప భాషే. డోజ్, నాప్, డ్రౌజీ, స్లంబర్, నాడింగ్ ఆఫ్ – వారికీ ఇన్ని మెట్లున్నాయి. పీడకలను వారు నైట్‌మేర్ అంటారు. అందులోని ‘మేర్’ అనేది నిద్రించేవాని గుండెలమీద ఎక్కి కూర్చునే పిశాచానికి వారి పాత పేరు. మన పల్లెలలో “గుండెలమీద దయ్యం కూర్చున్నది, కేక వేద్దామంటే గొంతు పెగలలేదు” అని చెప్పేదీ అదే అనుభవం. మెదడు మేలుకుని శరీరం ఇంకా మేలుకోని ఆ కొన్ని క్షణాలను వైద్యశాస్త్రం నిద్రాపక్షవాతం అంటున్నది. సముద్రానికి ఆవలి రైతు, మన రైతు ఒకే మాట అన్నారు. కాబట్టి పేదరికం ఇంగ్లీషుది కాదు. మనం ఆ భాషనుంచి తెచ్చుకున్నది స్లీప్, డిస్టర్బ్, డల్ అనే మూడే మాటలు. ఇంట్లోని ముప్ఫై మాటలు పారవేసి పక్కింటి నుంచి మూడు తెచ్చుకున్నాము.

ఇది మాటల పట్టింపు అనుకునేవారికి ఒక సంఘటన చెబుతాను. మిరపకోతలు ముగిసి కాయలు కల్లాలలో ఆరుతున్న రోజులు. కల్లానికి కాపలాగా రైతులు అక్కడే పట్టా పరచుకుని పడుకుంటారు. ఒకనాటి ఉదయం ఎనిమిది గంటల వేళ పాతికేళ్ళ యువకుణ్ణి ఆటోలో తెచ్చారు. వెంట వచ్చిన తమ్ముడు, “రాత్రి కల్లంలో పడుకున్నాడు సార్, స్లీప్ సరిపోలేదు, డల్‌గా ఉన్నాడు, కొంచెం కడుపునొప్పి కూడా అంటున్నాడు, ఒక గ్లూకోజ్ పెట్టండి” అన్నాడు. వినడానికి ఎంత మామూలుగా ఉన్నదో చూడండి. వారి వెనుకనే ఆ యువకుని నాయనమ్మ వచ్చింది. “అది నిద్ర కాదు నాయనా. నిద్రొచ్చినోడు పిలిస్తే రెప్పలెత్తుతాడు. వీడు ఎత్తుదామనుకుంటున్నాడు, రెప్పలు లేవడం లేదు” అన్నది.

కట్లపాము కాటు. ఈ పాము రాత్రివేళ సంచరిస్తుంది, ఎక్కువగా నేలమీద నిద్రించేవారినే కాటు వేస్తుంది. దాని కోరలు సన్ననివి. చాలామందికి నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం, మాట ముద్దగా రావడం, ఆ తరువాత ఊపిరి అందకపోవడం వరుసగా వస్తాయి. విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపివేస్తుంది. మెదడు మెలకువగానే ఉంటుంది, కండరాలు పనిచేయవు. పాముకాటు విరుగుడు మందు వెంటనే ఎక్కించి, ఊపిరి తగ్గితే కృత్రిమ శ్వాస పెట్టగలిగితే మనిషి దక్కుతాడు. ఆ యువకుడు దక్కాడు. రెప్ప వాలడం వేరు, రెప్ప పడిపోవడం వేరు అని ఆ ముసలమ్మకు తెలిసినందువల్ల మాకు కొంత కాలం కలిసివచ్చింది. “డల్” అన్న మాట మాత్రమే మా చెవిన పడి ఉంటే ఆ గ్లూకోజ్ సీసా కింద ఎన్ని గంటలు గడిచేవో చెప్పలేను.

(కల్లాలలో, పొలాలలో పడుకునేవారు నేలమీద కాక మంచంమీద, దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవాలి. దోమతెర పామును కూడా ఆపుతుంది. ఈ వాక్యం కోసమైనా ఈ వ్యాసాన్ని మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.)

మగత అన్న మాట గురించి కూడా కొంత చెప్పాలి. పత్తిచేలలో మందు కొట్టే రోజులలో ఆ మాట విలువ ప్రాణమంత. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు చర్మం గుండా, ఊపిరి గుండా ఒంటిలోకి చేరుతాయి. చేను నుంచి వచ్చిన మనిషికి చెమటలు పడతాయి, నోట నురగ, చొంగ వస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, కండరాలు అదురుతాయి. అటు తరువాత మగత కమ్ముతుంది. ఇంట్లోవారు “పొద్దుటినుంచి కష్టపడ్డాడు, స్లీప్‌లో ఉన్నాడు, లేపకండి” అంటారు. నిద్రపోయే మనిషిని లేపితే విసుక్కుంటాడు, మీరెవరో గుర్తుపడతాడు, అటు తిరిగి పడుకుంటాడు. మగతలో ఉన్నవాడు లేపినా పూర్తిగా తెలివిలోకి రాడు. సంబంధం లేని మాట ఏదో గొణిగి మళ్ళీ జారిపోతాడు. మగత అన్న మాట నోట ఉన్న ఇల్లాలికి ఈ తేడా తట్టుతుంది, బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బుతో కడిగి 108కి ఫోను చేస్తుంది. ఆ మాట లేని ఇంట్లో దుప్పటి కప్పుతారు.

ఇక “ఎర్లీ మార్నింగ్” సంగతి. రాత్రి రెండున్నరకు లేచినా, ఆరు గంటలకు లేచినా ఎర్లీ మార్నింగే. పన్నెండుకు పడుకున్నా, పదిన్నరకు పడుకున్నా మిడ్‌నైటే. రాత్రికి నాలుగు జాములు, జాముకు మూడు గంటలు. గడియకు 24 నిమిషాలు. గోడ గడియారం లేని కాలంలో పల్లెవాసులు ఈ లెక్కతో రోజును కొలిచారు. దీపాలు పెట్టే వేళ, మునిమాపు, మాటుమణిగిన వేళ, నడిజాము, తొలికోడి కూసే వేళ, వేగుచుక్క పొడిచే వేళ, తెల్లవారుగట్ల, కళ్ళాపి చల్లే వేళ, పొద్దుపొడుపు, బారెడు పొద్దెక్కిన వేళ. “తొలికోడి కూయకముందే మెలకువ వచ్చింది” అంటే నాకు గంట తెలుస్తుంది. ఇంత శ్రద్ధగా గంట ఎందుకు తెలుసుకోవాలంటే, మెలకువ వచ్చిన గంటే ఒక్కోసారి జబ్బును పట్టి ఇస్తుంది.

2021–22లో నల్లతామర పురుగు మన మిరపతోటలను ఏం చేసిందో ఈ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. పూత పూతగానే రాలిపోయింది. కౌలుకు తీసుకుని, లక్షలు అప్పు తెచ్చి పెట్టినవారు చేలలోనే నిలువునా కుంగిపోయారు. అప్పటికి నేను పదవీవిరమణ చేసి చాలాకాలమైంది. అయినా ఊరివారు ఇంటికి వచ్చి సలహా అడుగుతూనే ఉన్నారు. “ఆయన ఎర్లీగా లేస్తున్నారండీ, మంచి అలవాటే కదా” అన్నది ఒక ఇల్లాలు. నేను ఆయనను కూర్చోబెట్టి అడిగాను. రాత్రి తొమ్మిదింటికే కన్ను మూతపడుతుంది. మూడు గంటలకు ఎవరో తట్టిలేపినట్లు మెలకువ వస్తుంది. ఇక పట్టదు. ఆ చీకటిలో కూర్చుంటే గుండె బరువెక్కుతుంది, బ్రతుకుమీద విసుగు వస్తుంది. పొద్దెక్కేకొద్దీ కొంచెం తేలికపడి, సాయంత్రానికి మనిషిలా మసలగలుగుతాడు. ఆకలి లేదు, నాలుగు కిలోలు తగ్గాడు.

ఇది తీవ్రమైన దిగులు జబ్బు స్వభావం. వైద్యగ్రంథాలలో దీని లక్షణాలు ఇదే వరుసలో ఉంటాయి: తెల్లవారుజామున ముందుగా మెలకువ రావడం, ఉదయం మనసు అధమంగా ఉండి సాయంత్రానికి కొంత మెరుగుపడడం. మందులతో, మాటలతో నయమయ్యే జబ్బు. పట్టించుకోకపోతే ప్రాణం తీసే జబ్బు. పురుగుమందు డబ్బా చేతికందే దూరంలో ఉండే ఇళ్ళు మనవి. “వేకప్ అవుతున్నారు” అని మాత్రమే చెప్పుకునే కుటుంబానికి, వేకువనే లేచే ఆరోగ్యవంతునికీ మూడో జాము దాటగానే చీకట్లోకి చూస్తూ కూర్చునే దుఃఖితునికీ భేదం తెలియదు. మన మాటలలో ఆ భేదం ఉన్నది. ఒకటి లేవడం. రెండోది నిద్ర పట్టక మేలుకుని ఉండడం. మీ ఇంట ఇటువంటివారు ఉంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ కూడా “స్లీప్ ప్రాబ్లమ్” అని ఊరుకోకండి. ఎన్ని గంటలకు మెలకువ వస్తున్నదో, అప్పుడు మనసులో ఏమి తిరుగుతున్నదో చెప్పండి.

మిరపకాయలు కోసే, తొడిమలు తీసే ఆడవారి నిద్ర గురించి ఎవరూ వ్రాయరు. పగలంతా కాయలు పట్టిన చేతులు రాత్రి పక్కమీద చేరాక భగ్గుమంటాయి. కాయలోని ఘాటు పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్ళు పోసుకున్నా మంట పోదు. ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి. వీరిలో రక్తహీనత ఎక్కువ. రక్తంలో ఇనుము తగ్గినవారికి పడుకోగానే కాళ్ళు గుంజి, కదిలిస్తే తప్ప నెమ్మదించని బాధ ఒకటి ఉంటుంది. “మంటకు కన్నంటుకోలేదు”, “కాళ్ళ గుంజుడుకు కన్నంటుకోలేదు” – ఇంత స్పష్టంగా చెప్పేవారే ఇప్పుడు పట్టణపు క్లినిక్కులో “నైట్ స్లీప్ లేదండీ” అంటున్నారు. అక్కడ అట్లా అనాలని ఎవరో నేర్పారు. ఆ నేర్పినవారిలో మా వృత్తివారే మొదటివారు.

అవును, తప్పులో పెద్ద వాటా డాక్టర్లదే. మేము వ్రాసే చీటీ చూడండి. రాత్రి పడుకునే ముందు వేసుకోవలసిన మాత్ర పక్కన ‘హెచ్.ఎస్.’ అని వ్రాస్తాము. అది ఇంగ్లీషు కూడా కాదు, లాటిన్. ‘హోరా సోమ్నీ’, అంటే నిద్రవేళ. అమెరికాలోనే మందుల భద్రతను పరిశీలించే సంస్థ దీనిని పొరపాట్లకు దారితీసే సంక్షిప్తాల జాబితాలో చేర్చింది, సగం మోతాదు అని అర్థం చేసుకునే ప్రమాదం ఉన్నదని. వారు వదులుకోమన్నదానిని మనం మార్టూరులో, మాచర్లలో వ్రాస్తున్నాము. లేదా 1–0–1 అని అంకెలు వేసి, “మార్నింగ్ ఒకటి, నైట్ ఒకటి” అని మందుల షాపువాడు చెబుతాడు. ఏ నైటు? వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు రాత్రివేళ వచ్చిన కాలంలో మన రైతు ఏడింటికి అన్నం తిని, పదకొండింటికి మోటారు వేయడానికి చేనుకు పోయి, మడవలు మార్చి, నాలుగో జామున పడుకునేవాడు. మత్తు కలిగించే అలెర్జీ మాత్రను “నైట్” అన్నారు కదా అని అన్నం తినగానే వేసుకుని చీకట్లో తడి కాళ్ళతో స్టార్టరు దగ్గరకు పోయినవారు ఉన్నారు. “అన్నం తిన్నాక” అనండి, “పక్కమీద చేరే ముందు” అనండి. రెండు తెలుగు ముక్కలకు ఖర్చేమున్నది?

మాటను మార్చి వస్తువు రంగు మార్చడం ఇంకొక విద్య. మధ్యాహ్నం వేపచెట్టు కింద కూలీ కాసేపు కునుకు తీస్తే సోమరితనం. ఏసీ గదిలో ఉద్యోగి అదే పనిచేస్తే “పవర్ నాప్”, దానిమీద ఉపన్యాసాలు. ఇది నవ్వుకుని వదిలివేయవచ్చు. నవ్వలేనిది “ఎర్లీ మార్నింగ్ స్టడీ అవర్”. గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ కళాశాలలలో పదహారేళ్ళ పిల్లలను రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి తెల్లవారుజామున గంట కొట్టి లేపుతున్నారు. 13 నుంచి 18 ఏళ్ళవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ నిద్రావైద్య సంఘం 2016లో చెప్పింది. ఈ వయసులో జీవగడియారం సహజంగానే కొంత వెనక్కు జరుగుతుంది. పిల్లలకు రాత్రి ఆలస్యంగా నిద్ర వస్తుంది, ఉదయం ఆలస్యంగా మెలకువ వస్తుంది. అది వారి సోమరితనం కాదు. ఆ గడియారం జీవకణాలలో ఎట్లా నడుస్తున్నదో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. “మీ పిల్లవాణ్ణి నడిరేయి దాకా మేలుకొలిపి, తొలికోడికే లేపుతాము, ఐదు గంటలే పడుకోనిస్తాము” అని కళాశాలవారు తెలుగులో కరపత్రం వేస్తే ఏ తల్లి ఫీజు కడుతుంది? “స్టడీ అవర్” అన్నారు కనుక కడుతున్నది.

పత్రికలవారు నిద్రలేమి అనే పదం వాడుతున్నారు కదా, అది తెలుగే కదా అంటారు. అది ఇన్‌సోమ్నియాకు అనువాదం. తెలుగులో ఉన్నదే కానీ ఆ ఇంగ్లీషు మాట లాగానే అన్నిటినీ ఒకే గోనెలో వేస్తుంది. శుభరాత్రి, శుభోదయం కూడా అటువంటివే. పడుకోబోయేటప్పుడు మనవారు “పొద్దుపోయింది, ఇక పడుకోండి” అంటారు. ఆ మాటలో వేళ ఉన్నది, సలహా ఉన్నది. ఇంగ్లీషు పోయి సంస్కృతం రావాలని నేను కోరడం లేదు. దేవుణ్ణి సైతం సుప్రభాతంతో మేలుకొలిపి, ఏకాంత సేవలో పవళింపజేసే జాతి మనది. లక్ష్మణుడు మేలుకున్న పద్నాలుగేళ్ళూ ఊర్మిళను నిద్రపుచ్చి, దానిమీద ఒక పాటే కట్టుకున్నారు మన ఆడవారు. కోటప్పకొండ తిరునాళ్ళలో చేసేది జాగరణ, పంటకు చేసేది నిద్రకాపు, చావు జరిగిన ఇంటికి పోయి చేసేది నిద్ర. ఇన్ని రకాలుగా ఆలోచించినవారు డాక్టరు గుమ్మం తొక్కగానే మూగవారు కావడమే నాకు బాధ.

దీని లాభం ఎవరికి? “స్లీప్ లేదు” అన్న మాటకు తయారుగా ఉన్న జవాబు “స్లీప్ ట్యాబ్లెట్”. ఆల్ప్రజోలాం వంటి మాత్రలను 2014లోనే హెచ్1 షెడ్యూలులో చేర్చారు. చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు రిజిస్టరులో వ్రాసి మూడేళ్ళు ఉంచాలి. చట్టం ఉన్నది. అయినా చిన్న పట్టణాలలో ఏళ్ళతరబడి పాత చీటీతో ఆ మాత్ర కొని మింగుతున్న వృద్ధులను నేను ఇప్పటికీ చూస్తున్నాను. కొన్ని వారాలలోనే దానికి ఒళ్ళు అలవాటు పడుతుంది, మానితే ఉన్న నిద్ర కూడా పోతుంది. రాత్రి లేచినప్పుడు తూలి పడి తుంటి ఎముక విరిగిన పెద్దల వెనుక ఈ మాత్ర తరచు ఉంటుంది. (ఇప్పటికే వాడుతున్నవారు ఇది చదివి ఒక్కసారిగా మానకండి. మూర్ఛలు రావచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.)

2019 నుంచి ఎం.బి.బి.ఎస్. మొదట్లో జరిపే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని నియమం వచ్చింది. బయటి రాష్ట్రాల పిల్లలకే అది అవసరమని అనుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన మన పిల్లలకు ఇంకా ఎక్కువ అవసరం. 1962లోనే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువరించింది. రైతు నాగలిలోని ప్రతి భాగానికీ ఏ ఊళ్ళో ఏమంటారో అందులో ఉన్నది. రైతు ఒంటిలోని బాధలకు కూడా అట్లా ఒకటి కావాలి. ఆ పని భాషాపండితులకు వదిలితే కాదు, హౌస్ సర్జన్లు చేయాలి. ఒక్కొక్కరు రోజుకు ఒక మాట వ్రాసుకున్నా ఏడాదికి 365 అవుతాయి.

ఈలోగా మీరు చేయగలిగినది ఒకటున్నది. పెద్దవారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళినప్పుడు వారి తరఫున మీరు మాట్లాడకండి. ఎన్నింటికి పక్కమీద చేరారో, ఎంతసేపటికి కన్ను మూతపడిందో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, ఎందుకు వచ్చిందో – ఆయాసమా, ఒంటికా, మంటా, దిగులా – వారి మాటలలోనే వారం రోజులు ఒక కాగితంమీద వ్రాసి తీసుకువెళ్ళండి. పక్కన పడుకునేవారిని కూడా వెంటబెట్టుకుపోండి, గురక సంగతి వారికే తెలుస్తుంది. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, చెప్పవలసినది చెప్పి రండి.

నిద్రకూ మెలకువకూ మధ్యనుండే స్థితులకు మీ ఊళ్ళో వాడే మాటలు, పైన నేను చెప్పనివి ఉంటే వ్రాసి పంపండి. ముఖ్యంగా కళ్ళు తెరిచే ఉన్నా మనసు నిద్రలోనే ఉన్న స్థితికి దర్శి, పొదిలి ప్రాంతంలో ఒక మాట ఉండేదని గుర్తు, ఎంత తలచుకున్నా నోటికి రావడం లేదు. తెలిసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రి వారు పడుకోకముందే అడగండి.